మంచు క్రీడలకు ప్రయాణం: పెట్టె సర్దేముందు శరీరాన్ని అడగండి



గత వారం ఒక సాయంకాలం మా ఇంటి వరండాలో కూర్చుని ఉండగా, నంద్యాల వైపు గ్రామం నుండి విశ్రాంత ప్రధానోపాధ్యాయుడొకరు భార్యాసమేతంగా వచ్చారు. ముప్పై ఏళ్ళ పరిచయం మాది. ఆయన చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో విమాన టిక్కెట్లు, ఆటల టిక్కెట్ల ప్రతులు ఉన్నాయి. జర్మనీలో ఉద్యోగం చేస్తున్న కుమారుడు తల్లిదండ్రులను 2026 ఫిబ్రవరిలో ఇటలీలో జరిగే శీతకాల ఒలింపిక్స్‌కు తీసుకువెళ్తున్నాడట. మంచుకొండ మీద నుండి ఆడపిల్లలు బాణాల్లా జారుతూ వచ్చే పోటీని కొండ అడుగున నిలబడి చూడబోతున్నామని చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. నాకూ ఆనందం కలిగింది.

ఆ తరువాత ఆయన గొంతు తగ్గించి ఇలా అన్నారు: "సార్, మేమిద్దరమూ ఆరోగ్యంగా ఉన్నామని ఒక కాగితం రాసియ్యండి. ఆ స్టెంటు సంగతి మాత్రం రాయగాకండి. మావాడికి తెలిస్తే పోనియ్యడు."

రెండేళ్ళ కిందట ఆయన హైదరాబాదులో గుండె రక్తనాళానికి స్టెంటు వేయించుకున్నారు. దూరదేశంలో ఉన్న బిడ్డ కంగారుపడతాడని చెప్పలేదు. ఆమెకు పద్దెనిమిదేళ్ళుగా మధుమేహం. అరికాళ్ళలో స్పర్శ తగ్గి చాలా కాలమైంది. అది కూడా చెప్పలేదు. ఆ కాగితం నేను రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ ఆటల విషయం

వేసవి ఒలింపిక్స్ తెలిసినంతగా మనకు శీతకాల ఒలింపిక్స్ తెలియవు. తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2026లో అవి ఫిబ్రవరి 6 నుండి 22 వరకు మిలాన్, కోర్తినా దాంపెజ్జో నగరాల పేరిట జరుగుతాయి. కోర్తినాలో ఈ క్రీడలు 1956లో కూడా జరిగాయి. మన దేశం తరఫున తొలిసారి పాల్గొన్నది 1964లో, ఇన్స్‌బ్రుక్‌లో. మంచుగొట్టంలో బల్ల మీద పడుకుని జారే ల్యూజ్ క్రీడలో శివ కేశవన్ 1998 నుండి 2018 వరకు ఆరు ఒలింపిక్స్‌లో పాల్గొన్నారు. 2022లో బీజింగ్‌కు వెళ్ళిన ఏకైక భారతీయ క్రీడాకారుడు కాశ్మీరుకు చెందిన ఆరిఫ్ ఖాన్. మంచు కురిసే నేల కొంతే ఉన్న దేశం మనది. ఆ కొంత నేల నుండే వారు వచ్చారు.

ప్రయాణానికి సిద్ధపడేవారు తెలుసుకోవలసిన మొదటి సంగతి, ఈ క్రీడలు ఒకే చోట జరగవు. ఐస్ హాకీ, ఫిగర్ స్కేటింగ్ వంటివి మిలాన్‌లో, పైకప్పు ఉన్న మందిరాలలో జరుగుతాయి. మిలాన్ మైదాన నగరం, సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తు. కోర్తినా సుమారు 1,200 మీటర్ల ఎత్తున, లివిన్యో సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊళ్ళు. అక్కడి పోటీలను ఆరుబయట, మంచు మీద, గంటల తరబడి నిలబడి చూడాలి. మిలాన్ నుండి కోర్తినాకు నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరం. కోర్తినాకు రైలు లేదు, చివరి అంచె రోడ్డు మీదే. "ఒలింపిక్స్‌కు వెళ్తున్నాం" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు ప్రయాణాలు ఉన్నాయి. వాటిలో మన గుండెకు, మన కీళ్ళకు ఏది తగినదో టిక్కెట్టు కొనకముందే తేల్చుకోవాలి.

ఎండకు మనకు చదువుంది, చలికి లేదు

కర్నూలు, కడప సీమల వాళ్ళకు ఎండను గూర్చి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మే నెలలో 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో పొలం పని తెల్లవారుజామున ముగించాలని, తలకు తువ్వాలు చుట్టాలని, ఉప్పు వేసిన మజ్జిగ తాగాలని, నడిమధ్యాహ్నం వేపచెట్టు నీడ వదలరాదని బడి ముఖం చూడని అవ్వకూ తెలుసు. అది తరతరాల వైద్యం. మన శరీరం కూడా ఎండకు కొంత అలవాటు పడుతుంది. చెమట త్వరగా పడుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది.

చలికి శరీరం ఆ విధంగా అలవాటు పడదు. ఆ చదువు మన ఇళ్ళలోనూ లేదు. జనవరి రాత్రి పాదరసం 15 డిగ్రీలకు దిగితే మంకీ టోపీ తీసేవాళ్ళం మనం. ఫిబ్రవరిలో ఆ కొండ ఊళ్ళలో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుంది. ఆ చలిలో చర్మం కింది సన్నని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. లోపలి వేడిని కాపాడుకోవడానికి శరీరం చేసే పని అది. ఆ ముడుచుకున్న నాళాలలోకి రక్తాన్ని నెట్టడానికి గుండె మరింత శ్రమించాలి. రక్తపోటు పెరుగుతుంది. ఇంటి దగ్గర ఒక కిలోమీటరు సునాయాసంగా నడిచే మనిషికి అక్కడ అరకిలోమీటరు ఎత్తు ఎక్కేసరికి ఛాతీ పట్టివేసినట్లు కావచ్చు. ఉబ్బసం ఉన్నవారికి ఆ చల్లని పొడిగాలి తగలగానే శ్వాసనాళాలు బిగుసుకుంటాయి.

ఇంకొక మాయ ఉంది. చలిలో దాహం తెలియదు. చెమట కనబడదు గనుక నీరు పోవడం లేదనుకుంటాం. కానీ ఆ పొడిగాలిలో ప్రతి ఊపిరితోనూ నీరు పోతూనే ఉంటుంది, మూత్రం కూడా ఎక్కువగా వస్తుంది. కరువు సీమలో పుట్టి నీటి విలువ తెలిసిన మనమే అక్కడ నీళ్ళు తాగడం మరచిపోతాం.

నేను సంతకం చేసిన ఒక కాగితం

ఇక ఎందుకు రాయలేదో చెబుతాను.

సుమారు పదేళ్ళ కిందట, ఉద్యోగ విరమణకు కొద్దికాలం ముందు, నా మిత్రుడొకరు అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం అడిగారు. ఆ గుహ సుమారు 3,880 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆయన నాతోపాటు రోజూ ఉదయం నడిచే మనిషి. రక్తపోటు చూశాను, నాడి చూశాను, నవ్వుతూ సంతకం చేశాను. మెట్లెక్కేటప్పుడు ఎడమ దవడ నొప్పి వస్తున్నదా అని అడగలేదు. ఆయన చెప్పలేదు. చెబితే ఆపుతానని ఆయనకు తెలుసు. అడిగితే ఆపవలసి వస్తుందేమోనని నాకూ లోపల ఎక్కడో తెలుసు. దారి మధ్యలో గుండెపోటు వచ్చింది. మోతగాళ్ళు భుజాల మీద కిందికి దించారు. బ్రతికి వచ్చారు గాని గుండె కండరంలో చాలా భాగం దెబ్బతిన్నది. ఆ తరువాత రెండేళ్ళు మంచానికీ కుర్చీకీ మధ్యనే గడిపి వెళ్ళిపోయారు. ఆ రెండేళ్ళలో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేది.

అప్పటి నుండి నా అభిప్రాయం ఒక్కటే. ప్రయాణంలో ప్రాణాలు తీసేది జబ్బు ఒక్కటే కాదు, ఆ జబ్బును దాచడం కూడా. తెలిసిన జబ్బుకు ఏర్పాటు చేయవచ్చు. దాచిన జబ్బుకు ఎవరూ ఏమీ చేయలేరు.

ఇది ఒలింపిక్స్‌కు వెళ్ళగలిగే నలుగురి సంగతి మాత్రమే కాదు. కోసిగి, కౌతాళం వైపు నుండి ఏటా మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్ళే తల్లులు దగ్గును మేస్త్రీకి తెలియకుండా దాస్తారు. ఉమ్మడి కడప జిల్లాలోని రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుండి కువైట్‌కు పనికి వెళ్ళేవారు వైద్యపరీక్షలో తప్పితే అప్పు తీర్చే దారి మూసుకుపోతుందని రక్తపోటును దాస్తారు. వారు దాచడానికి పేదరికం కారణం. వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. కానీ మంచు చూడటానికి వెళ్ళే మనకు ఆ నిర్బంధం లేదు. మనం దాచేది అభిమానం కొద్దీ, లేదా ఆశ కొద్దీ. ఆ రెంటినీ పక్కన పెట్టగలం.

దాచడం రెండువైపులా జరుగుతున్నది

తల్లిదండ్రులు జబ్బును దాస్తున్నారు. పిల్లలు ప్రయాణపు కష్టాన్ని దాస్తున్నారు. "కారు దిగి నాలుగడుగులే నాన్నా" అంటారు. ఆ నాలుగడుగులు బస్సు దిగిన చోటు నుండి గడ్డకట్టిన వాలు మీద అరగంట నడక కావచ్చు. అమ్మానాన్నలకు ఒక అద్భుతం చూపించాలన్న ప్రేమే అలా మాట్లాడిస్తున్నది, కాదనను. కానీ ప్రేమ ఉన్నచోట ప్రశ్న కూడా ఉండాలి. "నాన్నా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదా? అమ్మా, నీ కాళ్ళకు స్పర్శ తెలుస్తున్నదా? ఏయే మాత్రలు వేసుకుంటున్నారు, ఫోటో తీసి పంపండి" అని అడగని కొడుకు టిక్కెట్టు కొనడానికి తొందరపడకూడదు.

బీమా విషయంలో ఈ దాపరికం మరింత నష్టం చేస్తుంది. ఇటలీకి కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులను భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. చాలామంది వీసా కోసం దొరికిన చౌక పాలసీ తీసుకుని, పాత జబ్బులు ఉన్నాయా అన్న గడిలో "లేవు" అని రాస్తారు. రేపు గుండెనొప్పితో ఆసుపత్రిలో చేరితే, ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే వైద్యులు పాత చరిత్ర అడుగుతారు. స్టెంటు బయటపడుతుంది. బీమా సంస్థ చెల్లించనంటుంది. అప్పుడు ఆ బిల్లు కట్టేది ఎవరికి తెలియకూడదని దాచామో ఆ బిడ్డే. పాత జబ్బులను కూడా కలుపుకునే పాలసీకి కొంత ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చు భరించలేకపోతే ప్రయాణమే మానుకోవడం మంచిదని నా స్పష్టమైన అభిప్రాయం.

వెళ్ళేవారికి కొన్ని మాటలు

"డాక్టరుగారూ, ఇంత భయపెడితే గడప దాటేదెవరు?" అని మీరు అడగవచ్చు. స్టెంటు ఉన్నవారు విమానం ఎక్కరాదని గాని, మధుమేహం ఉన్నవారు మంచు చూడరాదని గాని నేననడం లేదు. సిద్ధపడి వెళ్ళమంటున్నాను.

బయలుదేరడానికి కనీసం రెండు నెలల ముందే మీ వైద్యుణ్ణి కలవండి. గుండె జబ్బు చరిత్ర ఉన్నవారు హృద్రోగ నిపుణుణ్ణి అడిగి అవసరమైన పరీక్షలు చేయించుకోండి. ఫ్లూ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోండి. న్యుమోనియా టీకా అవసరమా అని అడగండి. ఆ రోజు నుండే ప్రతి ఉదయం నడక మొదలుపెట్టండి. కర్నూలులో గంటసేపు ఆగకుండా నడవలేని మనిషి కోర్తినాలో నడవలేడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

మందులన్నీ చేతిసంచిలోనే ఉంచుకోండి. ఇన్సులిన్‌ను సామాను పెట్టెలో వేసి పంపకండి. విమానం అడుగు గదిలో అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. అక్కడ బయట తిరిగేటప్పుడు లోపలి చొక్కా జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోండి. గ్లూకోమీటరు కూడా విపరీతమైన చలిలో సరిగా పనిచేయదు. శీతకాలంలో ఇటలీ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు వెనుక ఉంటుంది. మాత్రల వేళలు, ఇన్సులిన్ వేళలు ఎలా మార్చుకోవాలో కాగితం మీద రాయించుకోండి. మందుల చీటీలో కంపెనీ పేర్లు కాక మందు అసలు పేర్లు ఉండాలి. మన దగ్గరి బ్రాండు పేరు అక్కడి వైద్యుడికి తెలియదు.

కర్నూలు నుండి శంషాబాదుకు కారులో నాలుగు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు, ఆపై రాత్రంతా విమానం. ఇంతసేపు కాళ్ళు వేలాడదీసి కూర్చుంటే పిక్కల నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. కూర్చున్నచోటనే మడమలు ఎత్తి దించండి. మరొక సంగతి. విమానం లోపలి గాలి ఒత్తిడి సుమారు 1,800 నుండి 2,400 మీటర్ల ఎత్తున్న కొండ మీద ఉన్నట్లే ఉంటుంది. లివిన్యో చేరకముందే మీ ఊపిరితిత్తులు ఆ ఎత్తును చూస్తాయి. అందుకే దిగిన రోజే పోటీ చూడటానికి పరుగెత్తకండి. రెండు రోజులు విశ్రాంతిగా గడపండి.

బట్టల విషయంలో మన ఆదోని పత్తిని ఇంట్లోనే ఉంచండి. ఎండలో పత్తిని మించిన బట్ట లేదు. చలిలో మాత్రం అది చెమటను పీల్చి తడిసి, ఒంటిలోని వేడిని లాగేస్తుంది. మన గొర్రెలకాపరి గొంగడి ఎందుకు వదలడో ఎప్పుడైనా ఆలోచించారా? ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. ఒకే మందమైన కోటు కంటే లోపల ఒంటికి అంటిన పొర, మధ్యలో ఉన్ని, పైన గాలిని తడిని ఆపే పొర, ఇలా మూడు పొరలు మేలు. అమ్మలకు ఒక మనవి: మంచు మీద చీర కట్టుకుని నడవకండి. కుచ్చిళ్ళు తడిసి గడ్డకడతాయి, కాలికి అడ్డుపడతాయి. అరవై దాటిన ఆడవారిలో ఎముకలు పలచబడి ఉంటాయి. ఒక్క జారుడు చాలు, తుంటి ఎముక విరగడానికి. పట్టున్న బూట్లు వేసుకుని, చేతులు జేబుల్లోంచి బయటపెట్టి, బాతులాగ చిన్న చిన్న అడుగులు వేయండి. నవ్వేవారు నవ్వనివ్వండి.

స్పర్శ తగ్గిన పాదాలున్న మధుమేహులకు ఇది మరీ ముఖ్యం. చలికి వేళ్ళు చచ్చుబడుతున్నా వారికి నొప్పి తెలియదు. ప్రతి రెండు గంటలకు వెచ్చని గదిలోకి వెళ్ళి, మేజోళ్ళు విప్పి, కంటితో చూసుకోవాలి. వేళ్ళు పాలిపోయి మైనంలా ఉంటే రుద్దకండి, మంట దగ్గర పెట్టకండి. కాలినా వారికి తెలియదు. వెచ్చని గదికి చేర్చి వైద్య సహాయం కోరండి. యూరప్‌లో అత్యవసర సేవల నంబరు 112. మన దేశంలోనూ అదే గనుక గుర్తుంచుకోవడం కష్టం కాదు.

"ఒక పెగ్గు వేసుకుంటే వెచ్చగా ఉంటుంది" అని చెప్పే మిత్రుల మాట వినకండి. మద్యం చర్మపు నాళాలను తెరుస్తుంది. పైకి వెచ్చగా అనిపిస్తూనే లోపలి వేడి బయటికి పోతుంది. కొత్త మంచు సూర్యుని అతినీలలోహిత కిరణాలను ఎనభై శాతం వరకు తిప్పికొడుతుంది. నల్లకళ్ళద్దాలు అక్కడ అలంకారం కాదు, అవసరం. ఊరగాయ జాడీలు తగ్గించండి. ఆ ఉప్పు, ఈ చలి కలిస్తే రక్తపోటుకు పండుగే. నెయ్యి, పాలకోవా, మాంసపు పచ్చళ్ళు యూరప్‌లోకి తీసుకుపోవడానికి ఎలాగూ అనుమతించరు.

అంత దూరం వెళ్ళలేనివారికి

మంచు ఆటలు చూడాలన్న కోరికకు ఇటలీయే అక్కరలేదు. 2020 నుండి మన దేశంలో ఖేలో ఇండియా శీతకాల క్రీడలు జరుగుతున్నాయి. లేహ్, గుల్మార్గ్ వాటి వేదికలు. ఖర్చు తక్కువ, వీసా అక్కరలేదు. కానీ స్వదేశమే కదా అని తేలికగా తీసుకోకండి. గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తు, లేహ్ సుమారు 3,500 మీటర్లు. శరీరానికి కోర్తినా కంటే లేహ్ ఎన్నో రెట్లు కఠినం. విమానంలో నేరుగా లేహ్‌లో దిగినవారు రెండు రోజులు కదలకుండా విశ్రమించాలి. తలనొప్పి, వాంతులు, ఆయాసం పెరుగుతుంటే మొండిగా ఉండక కిందికి దిగిపోవాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దలు గుల్మార్గ్‌కు గాని, లేహ్‌కు గాని తమ వైద్యుడు ఒప్పుకుంటేనే వెళ్ళాలి.

2025లో గుల్మార్గ్ పోటీలు తగినంత మంచు లేక వాయిదాపడి మార్చిలో జరిగాయి. బీజింగ్ 2022 క్రీడలు దాదాపు పూర్తిగా యంత్రాలు కురిపించిన మంచు మీద సాగాయి. వాన కోసం ఆకాశం వైపు చూడటం మనకు తెలుసు. ఇప్పుడు మంచుకొండల వాళ్ళూ అలాగే చూస్తున్నారు. చూడగలిగినవారు ఉన్నప్పుడే చూసి రావాలని నేను అనడానికి అది కూడా ఒక కారణం.

చివరికి ఏమైంది

ఆ సాయంకాలం నేను కలం పక్కన పెట్టి, "ముందు అబ్బాయికి ఫోను చేయండి" అన్నాను. ప్రధానోపాధ్యాయుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి ఆయన భార్యే ఫోను అందుకున్నది. స్టెంటు మాట విన్న తరువాత అవతలి నుండి కొంతసేపు ఏ చప్పుడూ రాలేదు. "రెండేండ్లాయె గదమ్మా, నాతో చెప్పకపోతిరే" అన్నాడు కొడుకు. కోపం కంటే బాధే ఎక్కువగా వినిపించింది. ఆ తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. నేను లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాను.

ప్రయాణం ఆగలేదు, మారింది. గుండె వైద్యుడు పరీక్షలు చేసి, జాగ్రత్తలతో వెళ్ళవచ్చునన్నాడు. కొండ మీద మూడు రోజులు అనుకున్నది ఒక్క రోజైంది, అదీ మిలాన్‌లో రెండు రోజుల విశ్రాంతి తరువాతే. మిగిలిన రోజుల్లో మందిరం లోపల జరిగే ఫిగర్ స్కేటింగ్ చూస్తారు. పాత జబ్బులను కలుపుకునే బీమా తీసుకున్నారు. నేను ఒక కాగితం రాసి ఇచ్చాను. అందులో స్టెంటు ఉంది, మధుమేహం ఉంది, మొద్దుబారిన పాదాలు ఉన్నాయి, వేసుకునే ప్రతి మందూ ఉంది. కింద నా సంతకం ఉంది. ఈసారి అన్నీ అడిగిన తరువాతే చేశాను.

మీ ఇంట్లోనూ ఎవరైనా పెద్దలు దూర ప్రయాణానికి పెట్టె సర్దుతూ ఉంటే, స్వెట్టరు కొనేముందు వారి పక్కన కూర్చుని ఆ ప్రశ్నలు అడగండి. పెద్దలైతే, అడగకముందే చెప్పండి.